స్కూల్ క్యాంపులో బాబుకి బీపీ ఎక్కువ వచ్చింది, లావు వల్లేనా?

మీ బాబుకి పన్నెండేళ్లు, కాస్త బొద్దు, స్కూల్ క్యాంపులో 126/82 వచ్చిందన్నారు. లావు వల్లేనా, మాత్రలు వేయాలా అని అడిగారు. నేను చిత్తూరు దగ్గర ఒక హైస్కూల్లో పీఈటీని, అంటే ఆటలు నేర్పే టీచర్ని, డాక్టర్‌ని కాను. కానీ ఆరోగ్య పరీక్షలకు టీమ్ వచ్చినప్పుడల్లా పిల్లల ఎత్తు, బరువు రాసేది నేనే. పైగా మా అమ్మాయికీ ఇలాగే వచ్చి ఇంటిల్లిపాదీ టెన్షన్ పడ్డాం.

ముందు ఆ అంకెను అంతగా నమ్మకండి. క్యాంపు రోజు పిల్లలు కబడ్డీ ఆడి చెమటలతో వచ్చి లైన్లో నిలబడతారు. బెంచీ ఎక్కితే కాళ్లు నేలకి అందవు. వెనక నుంచి ఎవడో "సూది వేస్తారంట రా" అంటాడు. చేతికి చుట్టిన బీపీ పట్టీ బిగుస్తుంటే నవ్వులు, పక్కవాడితో కబుర్లు. అలాంటప్పుడు బీపీ ఎవరికైనా పెరుగుతుంది. పట్టీ సైజుతో ఇంకో తంటా. లావు చేతికి చిన్న పట్టీ చుడితే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. బక్క చేతికి పెద్దవాళ్ల పట్టీ చుడితే తక్కువ చూపిస్తుంది. అందరికీ ఒకే పట్టీ వాడితే, నిజంగా బీపీ ఉన్న బక్కపిల్లాడు దొరక్కుండా పోతాడు. నాకు అసలు భయం అదే.

అలాగని కొట్టిపారేయకండి. ఒంట్లో కొవ్వు పెరిగితే ఇన్సులిన్ సరిగా పనిచేయదు, కిడ్నీలు ఉప్పును బయటికి పంపకుండా పట్టి ఉంచుతాయి, రక్తనాళాలు బిగుసుకుంటాయి. లావుగా ఉన్న పిల్లల్లో బీపీ ఎక్కువగా కనిపించడానికి ఇవే ముఖ్య కారణాలు. రాత్రి గురక పెడుతుంటే అది కూడా డాక్టర్‌కి చెప్పండి, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చినా బీపీ పెరుగుతుంది.

పెద్దవాళ్ల 120/80 లెక్క పదమూడేళ్ల లోపు పిల్లలకి పనికిరాదు. వయసు, ఆడా మగా, ఎత్తు మూడూ చూసి చెప్పాలి. పొడుగు పిల్లలకి మామూలుగానే కాస్త ఎక్కువ ఉంటుంది. 2017లో అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం ఇచ్చిన పట్టిక ప్రకారం పన్నెండేళ్ల మగపిల్లాడికి 113/75 గానీ అంతకు మించి గానీ వస్తే సరిగ్గా మళ్లీ చూడాలి. అంటే మీవాడికి తప్పకుండా చూపించాలి. కానీ వేర్వేరు రోజుల్లో మూడుసార్లు ఎక్కువ వస్తేనే బీపీ ఉందని తేలుస్తారు.

మా పాపని తిరుపతిలో పిల్లల డాక్టర్‌కి చూపించాం. వీపు ఆనించి, కాళ్లు నేలమీద పెట్టించి, కాసేపు మాట్లాడనివ్వకుండా కూర్చోబెట్టి కుడిచేతికే చూశారు. క్యాంపులో వచ్చినదానికంటే బాగా తగ్గింది, అయినా హద్దుకి కాస్త పైనే ఉంది. యూరిన్ టెస్ట్ రాశారు, మాత్రలు రాయలేదు. ఉప్పు తగ్గించండి, ఆడనివ్వండి అన్నారు.

మన ఇళ్లలో ఉప్పు కూరలోనే ఉండదు కదా. సంగట్లోకి ఊరుబిండి, పెరుగన్నంలోకి ఊరగాయ, పక్కన అప్పడం, సాయంత్రం మిక్చర్ పొట్లం. మేం ముందు మానిపించింది ఆ పొట్లాన్నే, గొడవ కూడా దానికే. అన్నం తగ్గించి కడుపు మాడ్చలేదు, ఎదిగే పిల్లలకి అది తగదు. ట్యూషన్‌కి ముందు గంట ఆట మాత్రం తప్పనివ్వం. బరువు తగ్గకపోయినా ఎత్తు పెరుగుతుంటే చాలా మార్పు వస్తుంది.

ఇంట్లో ఒక చిన్న పని చేయొచ్చు. బాబు ఎత్తుకు సరిపడా దారం కోసి సగానికి మడవండి. ఆ సగం నడుము చుట్టూ అందకపోతే పొట్ట దగ్గర కొవ్వు ఎక్కువున్నట్టు. ఇది వాడి స్నేహితుల ముందు చేయకండి, క్లాసులో వాణ్ని ఏమని పిలుస్తున్నారో నాకు తెలుసు.

తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం, మొహం ఉబ్బడం ఉంటే మాత్రం మూడోసారి దాకా ఆగొద్దు, అదే రోజు తిరుపతి రుయా ఆసుపత్రికో దగ్గర్లోని పిల్లల డాక్టర్ దగ్గరికో తీసుకెళ్లండి.