సైకిల్‌కి కొత్త చైన్ వేశాక జారుతోందంటే క్యాసెట్ చూడండి

సైకిల్ చైన్ ఒక్కటే మార్చారు, ఇప్పుడు ఎత్తు మీద గట్టిగా తొక్కితే టక్కున జారుతోంది, గేర్లు మార్చే డీరైలర్ ఎంత సర్దినా లాభం లేదు అన్నారు కదా. దాన్ని ఇక వదిలేయండి, పాపం దాని తప్పేం ఉన్నట్టు లేదు. నా అనుమానమంతా పాత క్యాసెట్ మీదే, అంటే వెనక చక్రానికుండే పళ్ల చక్రాల గుత్తి మీదే.

అన్ని గేర్లలోనూ జారుతోందా, ఎక్కువగా వాడే రెండు మూడింట్లోనేనా? ఆ కొన్నింట్లోనే అయితే వాటి పళ్లు అరిగినట్టే. చైన్ పిన్నుల దగ్గర అరిగి సాగుతుంటే, పళ్లూ దానికి తగ్గట్టే అరుగుతూ వస్తాయి. అందుకే పాత జోడీ కిక్కురుమనకుండా నడిచింది. కొత్త చైన్ పిచ్, అంటే పిన్నుకీ పిన్నుకీ మధ్య దూరం, సరిగ్గా అర అంగుళం. ఆ పళ్లలో కుదురుకోక, బరువు పడగానే పైకెక్కి దూకుతుంది.

అన్ని గేర్లలోనూ ఒకే లయలో తడబడితే మాత్రం ఏదో లింకు బిగుసుకుని ఉంటుంది. పెడల్ మెల్లగా వెనక్కి తిప్పుతూ డీరైలర్ చక్రాల దగ్గర చూడండి, వంకర పోకుండా సాగని లింకు అక్కడే దొరుకుతుంది. చేత్తో పక్కకి అటూ ఇటూ వంచితే వదులవుతుంది.

ఇకపై చైన్ ముందే మార్చేయండి: వెనక 11, 12 గేర్లుంటే (11, 12 స్పీడ్) చైన్ 0.5 శాతం సాగగానే, అంతకు తక్కువ గేర్లుంటే 0.75 శాతం సాగగానే. సాగుదల కొలిచే గేజ్ లేదా? స్కేలు చాలు. 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలుండాలి. 1/16 అంగుళం పెరిగితే 0.5 శాతం దాటినట్టే.

క్యాసెట్ కొనేముందు ఫ్రీహబ్ బాడీ (వెనక చక్రం మధ్యలో క్యాసెట్ ఎక్కే భాగం) ఏ రకమో చూసుకోండి. షిమానో హెచ్‌జీ బాడీ మీద శ్రామ్ ఎక్స్‌డీ క్యాసెట్ ఎక్కదు.