అల్లుడికి రాత్రి అన్నం మాన్పిస్తున్న బిడ్డకు పెద్దమ్మ రాసేది

బిడ్డా, నిన్న ఫోన్ల నువ్వు అడిగిందానికి సగమే చెప్పిన, వెనక మీ పెద్దనాయిన టీవీ సౌండ్ ఒకటి, నీ పిల్లల లొల్లి ఒకటి, అందుకే ఇయ్యాల పొద్దున్నే కూసొని మొత్తం రాస్తున్న, జర ఓపికగ చదువు. అల్లుడికి షుగర్ వచ్చిందని, రాత్రి అన్నం తగ్గించమన్నరని, ఆయనేమో చపాతీ చూస్తేనే మొకం తిప్పుకుంటున్నడని అన్నవ్ కదా. చపాతీ కూడ పిండే బిడ్డా, దాంతోని పెద్దగ ఒరిగేది లేదు. పిల్లలు కొరియా సీరియల్స్ చూసి అదే తింటమంటున్నరు, ఇంటిల్లిపాదికి ఒకటే వంట అయ్యేటట్టు కొరియావోళ్ల లెక్క చేస్తే ఎట్లుంటది అన్నవ్. మంచిగుంటది. నేను ఎనిమిదేండ్ల సంది చేస్తున్న, మీ పెద్దనాయిన కోసమే మొదలువెట్టిన.

ఒక్క మాట ముందే చెప్త. మిర్యాలగూడల పెరిగినోళ్లం మేము, ఎటు చూసినా రైస్ మిల్లులే, సాగర్ కాల్వ నీళ్లు, రెండు పూటల వరి అన్నం. అన్నం లేని పళ్లెం అంటే ఇంట్ల ఏదో అయినట్టు అనిపించేది. మీ పెద్దనాయినకు రాత్రి అన్నం బంద్ చేసినప్పుడు కూరలు ఎన్ని పెట్టినా ఆయనకు తిన్నట్టే కాలే, పది గంటలకు లేసి డబ్బాలల్ల మురుకులు వెతికేది. కడుపు నిండలేదేమో అని ఇంకో రెండు గుడ్లు, ఇంత చికెన్ ఎక్కువ పెట్టిన, అయినా అంతే. నాకు సమజ్ కావడానికి మస్తు రోజులు పట్టింది. ఆయనకు కావాల్సింది అన్నం కాదు, ముద్ద. చేతితోని కలిపి, ఇంత కూర, ఇంత తొక్కు పెట్టి నోట్ల పెట్టుకునే ముద్ద. చెంచాతోని చికెన్ ముక్కలు తింటే మన నోటికి అది టిఫినే, బువ్వ కాదు.

ఇది నాకు కొరియాలనే తెలిసింది. మీ అన్నకు సువాన్ల ఉద్యోగం ఉన్నప్పుడు రెండు నెలలు పోయి ఉన్న కదా, గడ్డకట్టే చలి. కింది ఇంట్ల ఒక ముసలామె ఉండేది, వాళ్ల భాషల హల్మోని అంటరు, అంటే అమ్మమ్మ. నాకు ఆమె భాష రాదు, ఆమెకు నాది రాదు, అంతా చేతుల సైగలే. ఒకరోజు పిలిచి నడుమ పెంక పెట్టి మాంసం కాల్చి, ఒక పచ్చటి ఆకు అరచేతిల పరుచుకొని, అందుల ఒక ముక్క, ఒక ఎల్లిపాయ రెబ్బ, ఇంత కారం ముద్ద పెట్టి, నాలుగు దిక్కులు మడిచి, తినకుండ సీదా నా నోటికి పెట్టింది బిడ్డా. మా అమ్మ యాదికొచ్చింది నాకు. దాన్ని వాళ్లు సామ్ అంటరు, అంటే చుట్టుకునుడు. కొరకొద్దు, ఒకటేసారి నోట్ల పెట్టుకోవాలె. ఎప్పుడు చూసినా స్టీల్ చాప్‌స్టిక్స్‌తోని, చెంచాతోని తినేటోళ్లు దీనికి మాత్రం చెయ్యే వాడుతరు. అన్నం లేకుండ ముద్ద అయితదని నాకు ఆ రోజే తెలిసింది.

కాబట్టి నీ వంట అంతా ఆ ఆకు చుట్టే తిరగాలె. ఆకు మంచిగ కుదిరితే మిగతాది అదే కుదురుతది.

ఆకు సంగతి చెప్త. వాళ్లు లెట్యూస్ వాడుతరు, పెరిల్లా ఆకు వాడుతరు. పాలమూరుల లెట్యూస్ దొరికితే సరే, దొరకకుంటే దానికోసం హైదరాబాద్ దాక పోవాల్సిన పని లేదు, క్యాబేజీ ఉంది, వాళ్లు కూడ ఉడికిచ్చిన క్యాబేజీ ఆకుల్ల చుట్టుకొని తింటరు. గట్టి గడ్డ కాకుండ జర వదులుగ, తేలికగ ఉన్న గడ్డ చూసి తెచ్చుకో, గట్టిదాంట్ల ఆకు ఊడదీస్తే చినుగుతది. కింద మొదలు చుట్టూ చాకుతోని లోతుగ గుండ్రంగ కోసి తీసెయ్యి, గడ్డ మొత్తం మరిగే నీళ్లల్ల తలకిందులుగ వెయ్యి, ఒక నిమిషంల పై ఆకు దానంతట అదే వదులైతది, పట్కారుతోని మెల్లగ లాగి తియ్యి, మళ్ల ఒక నిమిషం, ఇంకో ఆకు. ఎక్కువసేపు ఉంచకు, చేతిల పెట్టుకుంటే వంగాలె కానీ పేలిక లెక్క వేలాడొద్దు. తీసిన ఆకు చల్లటి నీళ్లల్ల వేసి బట్ట మీద ఆరబెట్టు, తడి ఉంటే కారం అంతా చెయ్యి మీద నుంచి మోచేతి దాక కారుతది. ఆకు నడుమ లావు ఈనె ఉంటది చూడు, దాన్ని చాకు పడుకోబెట్టి పైపైన చెక్కెయ్యి, అప్పుడే మడత పడుతది. పెరిల్లా అనేది మన తులసి, పుదీన జాతిదే, అందుకే ముద్దల రెండు పుదీన ఆకులు పెడితే ఆ వాసన కొంత వస్తది. పెద్దనాయినకు అది లేకుంటే నడవదు.

ఇగ చికెన్. నలుగురికి ముప్పావు కిలో, లెగ్ బోన్‌లెస్ చెప్పు, బ్రెస్ట్ తేకు, ఎండిపోతది. దాన్ని ఒక అరగంట ఫ్రీజర్ల పెట్టి జర గట్టిపడినంక కొయ్యి, అప్పుడు పలచగ, సాపుగ వస్తది. మసాలకు సోయా సాస్ రెండు పెద్ద చెంచాలు, కాశ్మీరీ కారం రెండు పెద్ద చెంచాలు, దంచిన ఎల్లిపాయలు పది రెబ్బలు, బొటనవేలంత అల్లం, సగం ఉల్లిగడ్డ తురిమింది, నువ్వుల నూనె ఒక పెద్ద చెంచా, ఇంత మిరియాల పొడి. ఉప్పు వెయ్యకు. మన ఇంటి కారం వెయ్యకు, కొరియా కారం రంగు ఎక్కువ, ఘాటు తక్కువ, గింజలు తీసి బరకగ పట్టిస్తరు, మన కారం అంత వేస్తే పిల్లలు ముట్టరు. వాళ్లు తీపి కోసం చక్కెర, వాళ్ల దేశపు పియర్ పండు తురుము కలుపుతరు, మనకు ఆ తీపి ఉల్లిగడ్డ ఇస్తది, చాలు.

కాల్చుడు దగ్గర నేను మొదటిసారి మొత్తం పాడు చేసిన, నువ్వు చెయ్యొద్దని చెప్తున్న. ఉన్న చికెన్ అంతా ఒకటేసారి గిన్నెల కుమ్మరిచ్చిన, ఐదు నిమిషాలల్ల నీళ్లు ఊరి పులుసు లెక్క అయ్యింది, ముక్క ఉడికింది కానీ కాలలే, ఆ రోజు ఎవ్వరూ సరిగ తినలే. ఇనుప పెంక పెట్టు, పొగ లేసేదాక కాగనియ్యి, ఒక పిడికెడు ముక్కలే వెయ్యి, దేనికది దూరంగ పరువు. వేసినంక ముట్టకు. సుయ్‌మని సప్పుడు వస్తుంటది చూడు, ఆ సప్పుడు తగ్గి బుడబుడ అంటే నీళ్లు ఊరుతున్నట్టు, అంటే ఎక్కువ వేసినవ్. అంచులు నల్లగ మారి ముక్క దానంతట అదే పెంకను ఇడుస్తది, అప్పుడు తిప్పు. నాలుగు వాయిలు అయితయి, అయినా సరే. దించినంక దోరగ వేయించిన నువ్వులు చల్లు.

నువ్వుల నూనె గురించి ఇంకోటి. వాళ్లు నువ్వులు వేయించినంక నూనె తీస్తరు, అందుకే అది నల్లగ, గుమ్మని వాసనతోని ఉంటది, మన గానుగ నూనె పచ్చి నువ్వులది, ఆ వాసన రాదు. కొనాలని లేకుంటే రెండు చెంచాల నువ్వులు ఎర్రగ వేయించి వేడి మీదనే దంచి మన నూనెల కలుపు, మస్తు దగ్గరికొస్తది.

ముద్దల పెట్టుకునే కారం: దంచిన నువ్వులు మూడు చెంచాలు, రెండు ఎల్లిపాయ రెబ్బలు, కాశ్మీరీ కారం ఒక చెంచా, సోయా సాస్ ఒక చెంచా, నాలుగు చుక్కల వెనిగర్, రోట్ల వేసి నూరు. మన నువ్వుల తొక్కే అనుకో. వాళ్ల కారం ముద్ద గోచుజాంగ్ కొనుక్కుందామని నీ బిడ్డ అంటుందన్నవ్, కొను, వద్దనను, కానీ డబ్బా తిప్పి చదువు. అది మిరపపొడి ఒక్కటే కాదు, జిగురు బియ్యం పిండి, మొలక కట్టిన బార్లీ, సోయా కలిపి పులియబెట్టేది, బజార్ల దొరికేవాటిల్ల సిరప్ కూడ పోస్తరు, చాలావాటిల్ల 100 గ్రాములకు 40 గ్రాముల పైనే కార్బోహైడ్రేట్ ఉంటది. ఇంటిల్లిపాదికి ఒక పెద్ద చెంచా అయితే ఏం కాదు, గిన్నెడు పోసి తిప్పితే మాత్రం అన్నం మాన్పిచ్చి ఏం లాభం.

అట్లనే కొరియా వంట అనంగనే షుగర్‌కు మంచిది అనుకోకు. పిల్లలు అడిగే ఆ ఎర్రటి తొక్‌బొక్కి ఉత్త బియ్యప్పిండే, కింబాప్‌ల అన్నమే, జాప్‌చే అనే గాజు లెక్క మెరిసే నూడుల్స్ చిలగడదుంప పిండితోని చేసేవి, రామెన్ ఒక ప్యాకెట్‌ల చాలావాటిల్ల 70 గ్రాముల పైనే కార్బ్ ఉంటది. వండిన అన్నం 100 గ్రాములకు 28 గ్రాములే, లెక్క నువ్వే చూసుకో. ఆ దేశంల తినే తీరు నేర్చుకోవాలె, ప్యాకెట్లు కాదు.

పక్కన చిన్న చిన్న గిన్నెలల్ల పెట్టేటియి ఉంటయి, బాంచాన్ అంటరు. అన్నీ చెయ్యకు, అలిసిపోతవ్, రెండు చాలు. పాలకూర రెండు పెద్ద కట్టలు, ఉప్పు వేసిన మరిగే నీళ్లల్ల అర నిమిషం ముంచి, చల్లటి నీళ్లల్ల వేసి, రెండు చేతులతోని గట్టిగ పిండు. గంపెడు కూర పిడికెడు అయితది, ఇంతేనా అనిపిస్తది, అంతే. దాన్ని నాలుగు కోతలు కోసి విడదీసి, ఒక దంచిన ఎల్లిపాయ, అర చెంచా సోయా సాస్, నువ్వుల నూనె, నువ్వులు వేసి చేత్తోనే కలుపు. రెండోది గుడ్డు. నాలుగు గుడ్లకు ఒక గ్లాసుకు జర తక్కువ నీళ్లు, చిటికెడు ఉప్పు, గిలకొట్టి టీ జాలిల వడగట్టు, స్టీల్ గిన్నెల పోసి మీద పళ్లెం మూసి ఇడ్లీ కుక్కర్‌ల సన్న మంట మీద పన్నెండు నిమిషాలు. పళ్లెం మర్చిపోతే ఆవిరి చుక్కలు పడి పైన గుంటలు గుంటలు అయితది. జున్ను లెక్క వణుకుతుంటది, మీ అత్తమ్మకు పళ్లు లేవు కదా, ఆమెకు ఇది మస్తు నచ్చుతది.

కిమ్చి, అంటే వాళ్ల పులియబెట్టిన క్యాబేజీ పచ్చడి, ఈసారి వద్దు, కీరా చాలు, చక్రాలు కోసి ఉప్పు చల్లి పావుగంట ఉంచి పిండి, కారం, వెనిగర్, నువ్వులు కలుపు. కిమ్చి చేస్తనంటే కిలో క్యాబేజీకి 25 గ్రాముల ఉప్పు, ఎల్లిపాయ, అల్లం, కాశ్మీరీ కారం, వాళ్లు ఉప్పు రొయ్యలు వేస్తరు, మనం ఎండు రొయ్యలు వేయించి దంచి ఒక చెంచా వేస్తే అదే వాసన. జాడీల ఒత్తి పెట్టు, నీళ్లు ఊరి ముక్క మునగాలె. అక్కడ చలికాలం ముందట అందరు కలిసి పెడుతరు, దాన్ని కిమ్జాంగ్ అంటరు, 2013ల యునెస్కో కూడ గుర్తించింది, మనం ఎండకాలం ఆవకాయకు వాడకట్టోళ్లం కలిసి కూసునేది యాదికి రాలే నీకు? కానీ మన ఎండలకు బయట రెండు రోజులు ఉంచితే పులిసి పొంగుతది, ఒక రోజు చూసి ఫ్రిజ్జుల పెట్టెయ్యి.

కాలీఫ్లవర్ తురిమి అన్నం అని పెట్టుడు నాకు నచ్చదు. నోరు అన్నం కోసం చూస్తుంటది, అది కాదని తెలిసి ఇంకింత కోపం వస్తది. ఆకు ఆకు లెక్కనే ఉంటది, ఎవరినీ మోసం చెయ్యదు.

ఇగ అన్నిటికంటె ముఖ్యమైంది, దీన్ని రెండుసార్లు చదువు. అల్లుడు షుగర్ గోలీ ఏది వేసుకుంటుండో చూడు. గ్లిమెపిరైడ్ లాంటియి గానీ, ఇన్సులిన్ గానీ ఉంటే, అన్నం ఒక్కసారిగ తీసేస్తే షుగర్ కిందికి పడిపోతది. మీ పెద్దనాయినకు మూడో రోజు రాత్రి చెమటలు పట్టి చేతులు వణికినయి, మిషన్ పెడితే 58 చూపించింది, గ్లూకోజ్ కలిపి తాపి కూసోబెట్టిన, ఆ రాత్రంతా నాకు నిద్ర లేదు. తప్పు నాదే, డాక్టర్‌కు చెప్పకుండ మొదలువెట్టిన. నువ్వు ముందే చెప్పు, గోలీ డోసు ఆయన సరిచేస్తడు. ఒంట్లె బీపీ కూడ ఉంటే సోయా సాస్ కొలిచి వెయ్యి, ఒక పెద్ద చెంచాలనే 900 మిల్లీగ్రాముల దాక సోడియం ఉంటది, రోజుకు 2000 దాటొద్దని డబ్ల్యూహెచ్‌వో చెప్తది. అందుకే పైన చికెన్‌ల ఉప్పు వద్దన్న.

పిల్లలకు, మీ అత్తమ్మకు అన్నం బంద్ పెట్టకు, ఎదిగే పిల్లలు వాళ్లు, ఒక చిన్న గిన్నె వండి వాళ్ల ముందట పెట్టు, వాళ్లు ఆకుల ఇంత అన్నం కూడ పెట్టుకొని చుట్టుకుంటరు, కొరియాల చాలామంది అట్లనే తింటరు. అల్లుడి ముందట మాత్రం ఆకుల పళ్లెం దగ్గరగ జరుపు.

శనివారం మీరు ముట్టరు కదా, ఆదివారం పెట్టుకో. శనివారం చెయ్యాలనే ఉంటే చికెన్ జాగల పుట్టగొడుగులో పన్నీరో వెయ్యి, పుట్టగొడుగులకు మసాల ముందు కలపకు, పెంక మీద నీళ్లన్నీ ఇగిరినంకనే కలుపు. అందరు కింద చాప మీద గుండ్రంగ కూసోన్రి, ఎవరి పళ్లెం వాళ్లకు వడ్డించకు, అన్నీ నడుమల పెట్టు. మొదటి ముద్ద నువ్వు చుట్టి అల్లుడి చేతిల పెట్టు, తర్వాత ఆయనే చుట్టుకుంటడు. ఎన్ని ఆకులు తిన్నడో చూసి నాకు రాత్రి ఫోన్ చెయ్యి, పది గంటల దాక మెలకువతోనే ఉంట.

మీ పెద్దమ్మ,
నల్లగొండ