పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు: వేసవి భోజనంలోకి కీర దోస, టమాటా సలాడ్

ఎండలు ముదిరిన నాటి నుంచి పాఠకులు రాసిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పచ్చి కూరగాయల సలాడ్‌ల గురించే ఉన్నాయి. వాటిలోనూ కీర దోస, టమాటా కలిపి చేసే సలాడ్ గురించి వచ్చినవే అధికం కాబట్టి ఈసారి శీర్షికను పూర్తిగా దానికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: కీర దోస, టమాటా ముక్కలు కోసి, ఉప్పు, నిమ్మరసం, నూనె కలిపి బల్ల మీద పెట్టిన పావుగంటకే గిన్నె అడుగున నీరు చేరిపోతోంది. ముక్కలు వాడిపోయి, రుచి చప్పబడుతోంది. నేను చేస్తున్న పొరపాటు ఏమిటి? కొలతలతో సహా పద్ధతి చెప్పగలరా?

జవాబు: మీరు వాడుతున్న పదార్థాల్లో లోపం లేదు. వాటిని కలుపుతున్న వరుసలోనే చిక్కు ఉంది. కీర దోస బరువులో దాదాపు 95 శాతం, టమాటాలో దాదాపు 94 శాతం నీరే. ముక్క కోసి దాని మీద ఉప్పు చల్లగానే, ఉప్పు కరిగి ముక్క పైన గాఢమైన ద్రావణంగా మారుతుంది. అప్పుడు లోపలి కణాల్లోని నీరు పలుచని వైపు నుంచి గాఢమైన వైపుకు, అంటే ముక్క బయటికి, ప్రయాణిస్తుంది. పాఠ్యపుస్తకాల్లో ద్రవాభిసరణం అని చదువుకున్నది ఇదే. దీన్ని ఆపడం ఎవరి వల్లా కాదు. కానీ ఆ నీరు ఎప్పుడు బయటికి రావాలో, ఎక్కడికి పోవాలో నిర్ణయించడం మాత్రం మన చేతిలోనే ఉంది. ఈ సలాడ్‌లోని నేర్పంతా అక్కడే ఉందని నా నమ్మకం.

నలుగురికి సరిపడేలా అయితే 2 మధ్యస్థమైన కీర దోసకాయలు (సుమారు 500 గ్రాములు), 3 పండిన టమాటాలు (సుమారు 400 గ్రాములు), సగం చిన్న ఉల్లిపాయ, 1 టేబుల్ స్పూను నిమ్మరసం లేదా వెనిగర్, 2 టేబుల్ స్పూన్ల ఆలివ్ నూనె లేదా ఘాటు లేని మరేదైనా నూనె, గుప్పెడు పుదీనా లేక కొత్తిమీర, కొద్దిగా మిరియాల పొడి తీసుకోండి. ఉప్పు మొత్తం ముప్పావు టీస్పూను దాటనక్కరలేదు.

ముందుగా కీర దోసను నిలువుగా రెండు బద్దలు చేసి, నడుమ ఉన్న గింజలను చెంచాతో గీకి తీసేయండి. నీరు ఎక్కువగా, రుచి తక్కువగా ఉండే భాగం అదే. లేత కాయలకు, గింజ పట్టని కాయలకు ఈ పని అవసరం లేదు. తరువాత వేలి వెడల్పులో సగం మందాన ముక్కలు కోసి, అర టీస్పూను ఉప్పు (సుమారు 3 గ్రాములు) పట్టించి, చిల్లుల గిన్నెలో వేసి 20 నుంచి 30 నిమిషాలు వదిలేయండి. కింద పెట్టిన పళ్లెంలోకి కొన్ని చెంచాల నీరు దిగుతుంది, దానితో పాటు ఉప్పులో కొంత భాగం కూడా పోతుంది. ఆ ముక్కలను శుభ్రమైన గుడ్డతో మెల్లగా అద్దండి. కడగవద్దు, కడిగితే తీసిన నీటిని మళ్లీ పోసినట్టే అవుతుంది. మరీ పలుచని చక్రాలుగా తరిగితే ఈ పద్ధతిలో ముక్క మెత్తబడుతుంది కాబట్టి మందం విషయంలో కొంచెం శ్రద్ధ వహించండి.

టమాటాకు దీనికి పూర్తిగా భిన్నమైన మర్యాద చేయాలి. గింజల చుట్టూ ఉండే జిగురు గుజ్జును చాలామంది తీసి పారేస్తారు, అది చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. టమాటాకు ఆ నిండైన, నోరూరించే రుచినిచ్చే గ్లుటమేట్ బయటి కండలో కంటే ఆ గుజ్జులోనే ఎక్కువగా ఉంటుంది. కనుక టమాటాలను గింజలతోనే పెద్ద ముక్కలుగా కోసి, వేరే గిన్నెలో వేసి, చిటికెడు ఉప్పు చల్లి 10 నిమిషాలు ఉంచండి. ఊరిన రసాన్ని పారబోయకుండా ఒక చిన్న గిన్నెలోకి వంచి, అందులోనే నిమ్మరసం, మిరియాల పొడి, అవసరమైతే మరికాస్త ఉప్పు కలపండి. చివరగా నూనెను సన్నని ధారగా పోస్తూ గిలకొట్టండి. ఉప్పు నూనెలో కరగదు, పులుపులోనే కరుగుతుంది. అందుకే నూనె ఎప్పుడూ తరువాతే రావాలి. ముక్కల మీద ముందే నూనె పోస్తే అది పొరలా పట్టేసి, ఆపైన వేసిన నిమ్మరసం జారిపోతుంది.

వడ్డించడానికి 5 నిమిషాల ముందు మాత్రమే అన్నింటినీ ఒక వెడల్పాటి గిన్నెలో చేర్చి, రసం పోసి, చేత్తో తుంచిన ఆకులు వేసి, కింది నుంచి పైకి రెండు మూడు సార్లు మెల్లగా కలపండి. అప్పటికీ అడుగున కొద్దిగా రసం ఊరుతుంది. అది చప్పటి నీరు కాదు, సలాడ్‌కు ప్రాణం. దాన్ని చెంచాతో ముక్కల మీద పోసుకుని తినండి.

ప్రశ్న: సలాడ్ చల్లగా ఉండాలని టమాటాలను, కీర దోసను కొన్న రోజు నుంచే ఫ్రిజ్‌లో ఒకే అరలో ఉంచుతున్నాను. టమాటా చూడటానికి ఎర్రగా ఉన్నా రుచి ఉండటం లేదు. దోస రెండు మూడు రోజులకే పసుపు రంగుకు తిరుగుతోంది.

జవాబు: మీరు గమనించిన రెండు సంగతులకూ కారణాలు ఉన్నాయి. టమాటా రుచిలో తీపి, పులుపులతో పాటు వాసనకు పెద్ద పాత్ర ఉంది. ఫ్లోరిడా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2016లో ప్రచురించిన పరిశోధనలో, టమాటాలను 5 డిగ్రీల సెల్సియస్ వద్ద వారం రోజులు ఉంచితే చక్కెరలు, ఆమ్లాలు పెద్దగా మారకపోయినా, సువాసననిచ్చే పదార్థాలు బాగా తగ్గాయని, వాటిని తయారు చేసే జన్యువుల పని మందగించిందని, పండును తిరిగి గది వేడిమికి తెచ్చినా ఆ వాసన పూర్తిగా కోలుకోలేదని తేలింది. అందువల్ల పండీపండని టమాటాలను బయట, ఎండ తగలని చోట, తొడిమ భాగం కిందికి ఉండేలా ఉంచండి. బాగా పండిపోయి, ఈ పూటకు వాడలేమనుకున్నవాటిని మాత్రం ఒకటి రెండు రోజులు ఫ్రిజ్‌లో పెట్టడంలో తప్పు లేదు. కుళ్లబెట్టుకోవడం కంటే అదే మేలు. కోయడానికి ఓ గంట ముందు బయటికి తీయండి.

కీర దోస పసుపెక్కడానికి పక్కనున్న టమాటాయే కారణమై ఉండవచ్చు. పండే టమాటా ఎథిలీన్ అనే వాయువును విడుదల చేస్తుంది, ఆ వాయువు తగిలితే కీర దోస ఆకుపచ్చదనం పోయి త్వరగా ముదురుతుంది. గిన్నెలో ఇంత చక్కగా కలిసే ఈ రెండింటినీ నిల్వలో మాత్రం దూరంగా ఉంచక తప్పదు. కీర దోసకూ అతి చల్లదనం పడదు. 10 డిగ్రీలకు దిగువన ఎక్కువ రోజులు ఉంటే తోలు మీద గుంటలు పడి, లోపల నీరు కమ్ముతుంది. తడి తుడిచి, గుడ్డలో చుట్టి, ఫ్రిజ్‌లో అంతగా చల్లదనం లేని అరలో పెట్టి, మూడు నాలుగు రోజుల్లో వాడేయండి. సలాడ్‌కు చల్లదనం కావాలంటే నీరు దిగిన దోస ముక్కలను, వడ్డించే గిన్నెను అరగంట ఫ్రిజ్‌లో ఉంచితే చాలు. దోస చల్లగా, టమాటా మామూలుగా ఉన్నప్పుడే రెండింటి రుచీ నాలుకకు బాగా తెలుస్తుంది.

ప్రశ్న: ఒక్కోసారి ఒక చేదు కాయ వల్ల గిన్నెడు సలాడ్ పాడవుతోంది. ఉప్పు రాస్తే చేదు పోతుందా? తొక్క తీయాలా?

జవాబు: కీర దోసలో చేదుకు కారణం కుకుర్బిటసిన్లు అనే పదార్థాలు. మొక్కకు నీరు చాలకపోయినా, వేడి ఎక్కువైనా అవి కాయలో పెరగవచ్చు. అందుకే వేసవిలో ఈ ఫిర్యాదు ఎక్కువ. అవి తొడిమ వైపు, తొక్క కింది పొరలో అధికంగా ఉంటాయి కాబట్టి ఆ కొసను వేలెడు మేర కోసేసి, మిగిలిన కాయ నుంచి ఒక ముక్క రుచి చూడండి. చిరుచేదు ఉంటే చెక్కు మందంగా తీస్తే సరిపోతుంది. గట్టి చేదు ఉంటే మాత్రం ఆ కాయను పూర్తిగా పారేయండి. ఉప్పు కొద్దిపాటి చేదును నాలుకకు తెలియకుండా చేస్తుందే కానీ ఆ పదార్థాలను తొలగించదు, పైగా అవి మోతాదు మించితే కడుపునొప్పి, వాంతులు కలిగిస్తాయి. ఎన్ని కాయలు కోస్తే అన్నింటినీ విడివిడిగా రుచి చూసిన తరువాతే కలపడం మంచిది.

చేదు లేని లేత కాయకు తొక్క తీయనక్కరలేదు. పీచు, విటమిన్ కె అక్కడే ఎక్కువగా ఉంటాయి, నమిలేటప్పుడు కరకరలాడేదీ అదే. మెరుపు కోసం మైనం పూసిన కాయలకు, ముదిరి తోలు గట్టిపడిన కాయలకు తీసేయండి. తొక్క తీసినా తీయకపోయినా, ముందుగా ధారగా పడే నీటి కింద చేత్తో రుద్ది కడగాలి. తొక్క మీది మురికిని కత్తి లోపలికి మోసుకుపోతుంది.

ప్రశ్న: పచ్చి ఉల్లిపాయ వేస్తే ఘాటు తప్ప మరేమీ తెలియడం లేదు.

జవాబు: పలుచగా తరిగి, చన్నీళ్లలో 10 నిమిషాలు నానబెట్టి, పిండి వేయండి. కోసినప్పుడు పుట్టే గంధకపు ఘాటు చాలావరకు ఆ నీటితో పోతుంది. లేదా నీటికి బదులు సలాడ్ కోసం తీసుకున్న నిమ్మరసంలోనే నానబెట్టండి. ఎర్ర ఉల్లిపాయ అయితే అందమైన గులాబీ రంగుకు తిరుగుతుంది. నాకు ఈ రెండో పద్ధతే ఇష్టం.

ప్రశ్న: కీర దోసను, టమాటాను కలిపి తినకూడదని, ఒకదానిలోని గుణం మరొకదాన్ని చెడగొడుతుందని విన్నాను. ఇది నిజమా?

జవాబు: ఈ మాట వెనుక ఒక నిజం ఉంది, దాని మీద కట్టిన భయమే అనవసరమైనది. కీర దోసలో ఆస్కార్బేట్ ఆక్సిడేజ్ అనే ఎంజైము ఉంది, అది విటమిన్ సిని ఆక్సీకరణం చెందించగలదు. దోసను కోసినప్పుడు కణాలు చితికి ఆ ఎంజైము బయటికి వస్తుంది, టమాటా రసంలోని విటమిన్ సితో కలుస్తుంది. ఆ మేరకు కొంత విటమిన్ తగ్గవచ్చు. అంతే తప్ప దానివల్ల విషపదార్థమేదీ పుట్టదు. నిమ్మరసపు పులుపులో ఆ ఎంజైము పని మందగిస్తుంది, కలిపిన వెంటనే తింటే దానికి వ్యవధీ చాలదు. పైగా 100 గ్రాముల టమాటాలో ఉండే విటమిన్ సి సుమారు 14 మిల్లీగ్రాములే; ఆ విటమిన్ కోసం ఈ ఒక్క సలాడ్ మీదనే ఎవరూ ఆధారపడరు. మరోవైపు, ఇందులో వేసే నూనె వల్ల టమాటాకు ఎరుపునిచ్చే లైకోపీన్ శరీరానికి బాగా అందుతుంది, ఎందుకంటే అది కొవ్వులో కరిగే పదార్థం. కాబట్టి నిశ్చింతగా కలిపి తినండి.

ప్రశ్న: రక్తపోటు ఉన్నందున ఉప్పు తగ్గించమన్నారు. ఉప్పు లేకుండా ఈ సలాడ్ కుదురుతుందా?

జవాబు: కుదురుతుంది. గింజలు తీసి, ముక్కలను కాస్త పెద్దవిగా కోసి, గుడ్డ మీద పరచి అద్ది, తినబోయే క్షణంలోనే పులుపు, నూనె కలపండి. ఉప్పు పడనప్పుడు నీరు ఊరడం కూడా చాలా తగ్గుతుంది. నిమ్మతొక్క పైపొర తురుము, మిరియాలు, పుదీనా కొంచెం ఎక్కువగా వేస్తే ఉప్పు లోటు అంతగా తెలియదు. అయితే మూత్రపిండాల జబ్బు కారణంగా పొటాషియం తగ్గించమని చెప్పబడినవారు టమాటా ఎంత తినవచ్చో తమ వైద్యుణ్ణి అడిగి తెలుసుకోవాలి.

ప్రశ్న: ఉదయం చేసి, మధ్యాహ్న భోజనానికి డబ్బాలో తీసుకువెళ్లవచ్చా?

జవాబు: తీసుకువెళ్లవచ్చు, కానీ కలిపిన సలాడ్‌గా కాదు. ఉప్పు పట్టించి నీరు తీసిన దోస ముక్కలను ఒక డబ్బాలో, నిమ్మరసం, నూనె కలిపిన రసాన్ని బిగుతైన మూత ఉన్న చిన్న సీసాలో పెట్టి, టమాటాలను కోయకుండా అలాగే పట్టుకువెళ్లి, తినే ముందు కోసి కలుపుకోండి. చిన్న టమాటాలైతే రెండుగా చీల్చడం నిమిషం పని. కోసిన ముక్కలను మంచు సంచితో పాటు చల్లగా ఉంచడం ముఖ్యం. కోసిన కూరగాయలు మామూలు గది వేడిమిలో 2 గంటలకు మించి, బయట 32 డిగ్రీల సెల్సియస్ దాటిన ఎండ ఉన్నప్పుడు 1 గంటకు మించి ఉంటే వాటిని తినవద్దు. వాసన మారకపోయినా సూక్ష్మక్రిములు పెరిగి ఉండవచ్చు, పులుపు, ఉప్పు కలిశాయన్న ధైర్యం సరిపోదు. ఇంట్లో మిగిలిన సలాడ్‌ను వెంటనే ఫ్రిజ్‌లో పెడితే మరుసటి రోజు వరకు తినవచ్చు. అప్పటికి ముక్కలు మెత్తబడి ఉంటాయి కనుక నేనైతే రసంతో సహా మిక్సీలో వేసి, కాసిని మంచు ముక్కలు జోడించి, చల్లని సూప్‌లా గిన్నెల్లో పోసి ఇస్తాను.