ఆటల కోసమేనని చెప్పండి

ప్రశ్న: నా వయసు 24. ఉద్యోగంలో చేరి ఏడాదయింది. గేమింగ్ కంప్యూటర్ కొనుక్కోవాలని చిన్నప్పటి నుంచీ కోరిక. ఇంటికి ఇవ్వగా మిగిలిన దాంట్లోంచి నెలనెలా కొంత దాచాను. ఆ సొమ్ముకు మంచిదేదీ రాదు, ఈఎంఐ పెట్టి పెద్ద గ్రాఫిక్స్ కార్డు తీసుకోమని స్నేహితుడు అంటున్నాడు. నాకు పార్టుల పేర్లే సరిగ్గా తెలియవు. ‘ఈ వయసులో ఆటలేంటి’ అని నాన్న తిడతారేమోనని, ఆఫీసు పనికని చెప్పి కొందామనుకుంటున్నాను. చెల్లెలు ఇంకా చదువుకుంటోంది. కొందామనుకున్నప్పుడల్లా తప్పు చేస్తున్నట్టు ఉంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ అబద్ధం మానేయండి. ఆఫీసు పనికని చెప్పి తెచ్చిన కంప్యూటర్ మీద మీరు ఒక్క రోజు కూడా స్థిమితంగా ఆడలేరు. గుమ్మం దగ్గర అడుగుల చప్పుడు వినగానే ఆట మూసి ఎక్సెల్ షీటు తెరిచే అవస్థ ఎందుకు? మీకు తప్పు చేస్తున్నట్టు అనిపిస్తోంది ఆట వల్ల కాదు, దాచాలనుకోవడం వల్ల. ‘ఆటల కోసమే నాన్నా. దాచుకున్న దాంతోనే కొంటాను, అప్పు చేయను. ఇంటికి ఇచ్చేది తగ్గదు’ అని చెప్పండి. విసుక్కుంటారు. రెండు రోజులు ముభావంగా ఉంటారేమో కూడా. ఉండనివ్వండి.

అప్పు చేయనన్న మాట నిలబడాలంటే ఈఎంఐ ఆలోచన వదిలేయాలి. నిజానికి మీరు రాయని సంగతి ఒకటుంది: ఏ ఆటలు ఆడాలనుకుంటున్నారు? ఎంత ఖర్చవుతుందో తేల్చేది అదే. వాలరెంట్, డోటా 2, మైన్‌క్రాఫ్ట్ లాంటివైతే మొదట్లో విడిగా గ్రాఫిక్స్ కార్డే (ఆట బొమ్మల్ని తెర మీద గీసేది) అక్కర్లేదు. ఏఎండీ రైజెన్ 5 5600జీ లాంటి ప్రాసెసర్లలో (కంప్యూటర్‌కు మెదడు లాంటివి) గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది. సెట్టింగులు కాస్త తగ్గించుకుంటే ఆట సాఫీగా నడుస్తుంది. మొదటి రెండు ఆటలూ ఉచితం కూడా. ర్యామ్ (పని నడుస్తున్నప్పుడు వాడుకునే మెమరీ) మాత్రం 16 జీబీది ఒకటి కాకుండా 8 జీబీవి రెండు వేయించండి, జంటగా ఉంటే వేగం పెరుగుతుంది. లోపలి గ్రాఫిక్స్ ఆ ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి తేడా కంటికి తెలుస్తుంది. డబ్బు చేరాక, పార్టులన్నీ బిగించే పలకైన అదే మదర్‌బోర్డులో కార్డు పెట్టుకోవచ్చు.

సైబర్‌పంక్ 2077 లాంటి బరువైన ఆటలే మీ కోరికైతే కార్డు తప్పదు. అప్పుడైనా 1920x1080 పిక్సెళ్ల (తెర మీది చుక్కల) మానిటర్‌తో సరిపెట్టుకోండి. 4కే తెర మీద దానికి నాలుగు రెట్ల పిక్సెళ్లుంటాయి, ఆ బరువంతా మోయాల్సింది కార్డే. మీ స్నేహితుడు చెబుతున్న పెద్ద కార్డు బహుశా అలాంటి తెరలకు.

ఆఫీసుల్లో వాడి తీసేసిన కంప్యూటర్ కొని కార్డు తగిలించుకోవడం ఇంకో దారి. నాకిష్టమైన దారి కూడా, కానీ తొలిసారి కొనేవాళ్లు చూసుకోవాల్సినవి ఉన్నాయి. వాటి క్యాబినెట్లు చిన్నవి, పవర్ సప్లై (పార్టులకు కరెంటు అందించే పెట్టె) కూడా చిన్నదే. కార్డుకు విడిగా పవర్ కేబుల్ ఉండకపోవచ్చు. అలాంటప్పుడు మదర్‌బోర్డులో కార్డు గుచ్చే స్లాట్ ఇచ్చే 75 వాట్లతోనే నడిచే కార్డు, అదీ ఆ క్యాబినెట్‌లో పట్టేది వెతకాలి. ఇంటెల్ అయితే ఎనిమిదో తరానికి ముందువి వద్దు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది, విండోస్ 11 అంతకంటే పాత ప్రాసెసర్లను దాదాపుగా ఒప్పుకోదు. వాడిన కార్డు కొంటే కళ్ల ముందు ఓ అరగంట ఆట నడిపించి చూశాకే డబ్బివ్వండి. పాత చిన్న కార్డులోని సాఫ్ట్‌వేర్ మార్చి పెద్ద కార్డు పేరుతో అంటగట్టేవాళ్లున్నారు. జీపీయూ-జడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ చాలాసార్లు అలాంటివాటిని పట్టేస్తుంది.

పవర్ సప్లై దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. నేను మొదటి కంప్యూటర్ కట్టించుకున్నప్పుడు అన్నిటికీ ఖర్చుపెట్టి, చివర్లో చేతిలో మిగిలిన చిల్లరతో పేరూ ఊరూ లేని పవర్ సప్లై వేయించాను. ఆర్నెల్లకు టప్‌మని పేలి మదర్‌బోర్డును కూడా తీసుకుపోయింది. ఎస్‌ఎస్‌డీ (ఆటలు, ఫైళ్లు దాచే వేగమైన డిస్కు) తప్పకుండా ఉండాలి, 500 జీబీది చాలు. రంగురంగుల లైట్లు, గాజు పలకల క్యాబినెట్ ఇప్పుడే ఎందుకు?

డబ్బంతా కంప్యూటర్‌కే పెట్టేసి ఆటలు కొనలేకపోతానని భయం వద్దు. ఇంటర్నెట్‌లో ఆటలు అమ్మే ఎపిక్ స్టోర్‌లో వారం వారం ఏదో ఒక ఆట ఉచితంగా ఇస్తారు. అలాంటిదే ఇంకో దుకాణం స్టీమ్‌లో కొన్నది నచ్చకపోతే, 14 రోజుల లోపు, 2 గంటల కంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు.

కార్డు పెట్టించుకుంటే మానిటర్ కేబుల్‌ను మదర్‌బోర్డుకు కాదు, కార్డుకే గుచ్చాలి. ఇది తెలియక మొదటి రోజే ‘మోసపోయాను’ అని గుండెలు బాదుకున్నవాళ్లను చూశాను.

చెల్లెలి ఫీజు కట్టే నెల దాటేదాకా ఆగమని నాన్నగారు అంటే ఆగండి. ఈలోగా మీరు నిజంగా ఆడబోయే ఆటల పేర్లు కాగితం మీద రాసుకుని, ఒక్కోదానికీ ఎలాంటి కంప్యూటర్ కావాలో స్టీమ్‌లో ఆ ఆట పేజీ కిందే ఉంటుంది, వాలరెంట్, మైన్‌క్రాఫ్ట్ లాంటి అక్కడ లేనివాటికి వాటి సొంత వెబ్‌సైట్‌లో చూసుకోండి. ఆ కాగితం మీ స్నేహితుడికి కూడా చూపించండి.