మినీడీవీ టేపుల్లో మిగిలిపోయిన సినిమా

ప్రశ్న: 2004లో మిత్రులం కలిసి ఓ చిన్న సినిమా తీశాం. పాటల్లేవు, ఫైట్లు లేవు. గోదావరి పాయ ఒడ్డున ఒక మనిషి, అతని ఆలోచనలు, అంతే. ఆరు మినీడీవీ క్యాసెట్లున్నాయి, రెండిటిలో టేపు మీద తెల్లమచ్చలు. స్టూడియోవాళ్లు డీవీడీ చేసిస్తామంటున్నారు. చేయించమంటారా?
– ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: డీవీడీ వద్దండీ, టేపులో ఉన్నది ఉన్నట్టే కంప్యూటర్‌లోకి ఎక్కించుకోండి. టేపు మీద ఉన్నది డిజిటల్ డేటానే, సెకనుకి 25 మెగాబిట్లు. డీవీడీకి మారిస్తే మామూలుగా అందులో మూడోవంతు కూడా మిగలదు. ముందు పాడయ్యేవి చీకటి సీన్లు. మీ సినిమాకి ప్రాణం అక్కడే ఉంటుంది.

ఆ మచ్చలు బూజు కావచ్చు. కోనసీమ తేమకి అది మామూలే. ఆ రెండూ కెమెరాలో పెట్టకండి: బూజు టేపుని చదివే హెడ్‌కి అంటి, తర్వాత పెట్టే మంచి టేపుకీ పాకుతుంది. వేరే కవర్లో ఉంచి, టేపులు శుభ్రం చేసే పని తెలిసినవాళ్లకే ఇవ్వండి. మిగతా నాలుగూ సిలికాజెల్ పొట్లాలతో బిగుతు మూత డబ్బాలో వారం ఉంచండి. ఈ పనికి వానాకాలం కంటే సంక్రాంతి రోజులు మేలు. ఏసీ గదిలోంచి తెచ్చిన కెమెరాని వెంటనే ఆన్ చేయొద్దు. లోపల చెమ్మ పట్టి టేపు, హెడ్ ఉండే డ్రమ్ముకి అతుక్కుంటుంది.

ఆ నాలుగిటిలో ప్రతి టేపునీ ఒకసారి చివరిదాకా, మళ్లీ మొదటికి తిప్పండి. కెమెరాని కంప్యూటర్‌కి కలపడానికి ఫైర్‌వైర్ కేబుల్ కావాలి: కెమెరా వైపు 4 పిన్నులు, కంప్యూటర్‌లోని ఫైర్‌వైర్ కార్డు వైపు 6. రెండూ ఆపేశాకే గుచ్చండి, 6 పిన్నుల కొస తిరగబడితే పోర్టు కాలిపోతుంది. యూఎస్‌బీతో చాలా కెమెరాలు ఫొటోలో, చిన్న సైజు వీడియోనో తప్ప ఇవ్వవు. ఎక్కించే ప్రోగ్రాంగా విండోస్‌లో విన్‌డీవీ, లినక్స్‌లో డీవీగ్రాబ్ చాలు. గంట వీడియోకి సుమారు 13 జీబీ పడుతుంది.

బొమ్మ మీద గళ్లు పడితే పొడి క్లీనింగ్ క్యాసెట్ పది సెకన్లు తిప్పి మళ్లీ ఎక్కించండి. ప్రతిసారీ అదే చోట పడితే లోపం టేపుది, ఇంకో కెమెరాలో ప్రయత్నించాలి. ఎల్పీ మోడ్‌లో (ఎక్కువసేపు పట్టేలా టేపుని నెమ్మదిగా నడిపి) తీసినవైతే మాత్రం తీసిన కెమెరాయే దిక్కు. దాన్ని పాత సామాన్లవాడికి వేయకండి.

ప్రశ్న: ఎక్కించాక పడవ కదిలితే అంచులు దువ్వెన పళ్లలా కనిపిస్తున్నాయి. టేపు పోయినట్టేనా?
– ఒక పాఠకురాలు, నరసాపురం

జవాబు: పోలేదమ్మా. సెకనుకి 50 సగం బొమ్మలుగా తీసినది కంప్యూటర్ రెండేసి కలిపి చూపిస్తోంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియో ప్రోగ్రాంలో, సగం బొమ్మల్ని పూర్తి బొమ్మలు చేసే బీడబ్ల్యూడిఫ్ ఫిల్టర్ పెట్టి, కింది ఫీల్డు (సగం బొమ్మ) ముందు అని చెప్పి, 50 ఫ్రేములుగా ఇంకో ఫైలు తీయండి. అసలు ఫైలు ముట్టుకోవద్దు. నాయిస్ తుడిచే సాఫ్ట్‌వేర్లు వాడకండి, లాంతరు వెలుగులో మొహం మైనపు బొమ్మయిపోతుంది. అసలు ఫైళ్లు రెండు హార్డ్‌డిస్కుల్లో ఉండాలి, ఒకటి వరద నీరు రాని ఊళ్లో.