మీ తాతగారికి చూపించాలనుకున్న గోడ

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది. "నా కలల ప్రయాణాలు" అని పేరు పెట్టి, పది చోట్ల మీద పది పేరాలు రాసి, చివర రెండు ప్రశ్నలు అడిగావు. తప్పులుంటే చెప్పమన్నావు, రచయిత్రివి కాగలవో లేదో చెప్పమన్నావు. రెండోదానికి జవాబు ముందే చెప్పేస్తాను. కాగలవు. అలా అనడానికి నీ ఏడో పేరాలో ఉన్న రెండు వాక్యాలు చాలు. పెరూలో కొండ మీద శిథిలాలుగా మిగిలిన పాత ఊరు మచు పిచ్చు గురించి రాస్తూ ఇలా అన్నావు: "మచు పిచ్చులో సిమెంటు, సున్నం లేకుండా కట్టిన గోడలు ఇన్ని వందల ఏళ్లు ఎలా నిలబడ్డాయో మా తాతయ్యకి చూపించాలి. ఆయన తాపీ మేస్త్రి."

ఆ మాట చదివి కూర్చున్న చోటే కాస్త ముందుకి జరిగాను. ఆ తర్వాత ఏం చెబుతావా అని చూస్తే, నువ్వు అప్పటికే న్యూజిలాండ్ విమానం ఎక్కేశావు.

నీ పారిస్ పేరాలో పారిస్ అన్న చోటల్లా స్విట్జర్లాండ్ అని పెట్టి చదివి చూడు. ఇంకేమీ మార్చకుండానే నడిచిపోతుంది. "కనువిందు", "భూతల స్వర్గం", "జీవితంలో ఒక్కసారైనా చూసి తీరాల్సిన", "మాటల్లో వర్ణించలేని అందం". ఈ మాటలు ఏ ఊరికైనా సరిపోతాయి కాబట్టి ఏ ఊరికీ చెందవు. ముఖ్యంగా ఆ చివరిది రాయడం ఈరోజే మానెయ్యి. వర్ణించడమే మన పని.

ఐఫిల్ టవర్‌ని "ఆకాశాన్నంటే అద్భుతం" అన్నావు. ఎత్తు 330 మీటర్లు, బాగానే ఉంది. కానీ 1889లో ప్రపంచ ప్రదర్శన కోసం కట్టినప్పుడు దానికి ఇచ్చిన అనుమతి ఇరవై ఏళ్లకే. 1909లో విప్పేయాల్సిన టవర్ అది. వైర్‌లెస్ టెలిగ్రాఫ్‌కి ఎత్తైన స్తంభం అవసరం పడింది కాబట్టి ఉండనిచ్చారు. అంతా ఇనుము. తుప్పు పట్టకుండా కొన్నేళ్లకోసారి రంగు వేస్తూనే ఉండాలి. ఒక్కో విడతకి సుమారు 60 టన్నుల రంగు పడుతుంది, అదీ పెయింటర్లు తాళ్లు కట్టుకుని, బ్రష్షులు పట్టుకుని చేత్తో వేస్తారు. అంత ఎత్తున బ్రష్షు ముంచుతున్న ఆ పెయింటర్ ఒక్కడు నీ పేరాలోకి వస్తే, అది ఇంకెవరూ రాయని పారిస్ అవుతుంది.

ఇక గోడ దగ్గరికి వద్దాం. నాకు నీ వ్యాసంలో కావలసింది అదే.

ముందు ఒక విషయం సరిచూసుకో. మచు పిచ్చులో గోడలన్నీ సున్నం, మట్టి లేకుండా కట్టినవి కావు. గుళ్లు, రాజకుటుంబం ఉండే ఇళ్లు వంటి ముఖ్యమైన కట్టడాలకే అంత సన్నని పని చేశారు. మామూలు ఇళ్లకీ కొట్లకీ రాళ్ల మధ్య మట్టి అడుసు వాడారు. ఈ తేడా నీకు చిన్నదిగా అనిపించవచ్చు గానీ మేస్త్రికి ముందు కనిపించేది ఇదే. ఏ గోడకి ఎంత ఖర్చు పెట్టాలో, ఎక్కడ పొదుపు చెయ్యాలో ఇల్లు కట్టే ప్రతివాడూ లెక్క వేసుకుంటాడు. 15వ శతాబ్దంలో, ఆ కొండల్ని ఏలిన ఇన్కా రాజుల్లో ఒకడైన పచకూతి కాలంలో అక్కడ పనిచేసిన మేస్త్రులూ వేసుకున్నారు.

వాళ్ల దగ్గర ఇనుప పనిముట్లు లేవు, చక్రాల బళ్లు లేవు. ఆ కొండ మీదే దొరికే గ్రానైట్‌ని అంతకంటే గట్టి రాళ్లతో కొట్టి కొట్టి, ఒక రాయి అంచు పక్కరాయి అంచులో ఒదిగేదాకా చెక్కారు. గోడల్ని నిటారుగా లేపకుండా కొంచెం లోపలికి వాల్చారు. గుమ్మాలు, కిటికీలు, గోడలో గూళ్లు అన్నీ కింద వెడల్పు, పైన సన్నం. అది భూకంపాలొచ్చే నేల, ఈ వాలు గోడకి బలం. పైగా అక్కడ ఏడాదికి సుమారు 2,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. కొండ వాలు మీద ఊరు కట్టి, అంత వానకి జారిపోకుండా ఎలా ఆపారు? మెట్లుగా కట్టిన చేల కింద తవ్వి చూస్తే పైన సారవంతమైన మట్టి, దాని కింద ఇసుక, కంకర, అడుగున రాళ్లు, అన్నీ వరసగా పేర్చి ఉన్నాయి. వాన నీరు నిలవకుండా దిగిపోతుంది. ఊళ్లో నీళ్లు బయటికి పోవడానికి గోడల్లో, మెట్లలో విడిచిన తూములే నూట ఇరవైకి పైగా ఉన్నాయి. ఫొటోల్లో మనకి కనిపించే అందమంతా, ఫొటోలో కనిపించని ఆ నేల అడుగు పని మీద నిలబడి ఉంది.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది చెబుతాను. ఆదివారం పూట తాతగారు ఖాళీగా ఉన్నప్పుడు పక్కన కూర్చుని, ఫోన్‌లో ఆ గోడ ఫొటో పెద్దది చేసి చూపించు. నువ్వేం చెప్పొద్దు. ఆయన కన్ను ముందు ఎక్కడికి పోతుందో గమనించు. మూల రాయి చూస్తారా, వరసల మట్టం చూస్తారా, పునాది ఎంత లోతని అడుగుతారా, నీళ్లకి వాటం ఎటు ఇచ్చారని అడుగుతారా? వాళ్ల దగ్గర రసమట్టం లేకుండా ఎలా చూసుకున్నారంటారా? ఏమన్నారో ఆ మాటలతోనే కాగితం మీద పెట్టుకో. నీ భాషలోకి మార్చకు, సాఫీ చెయ్యకు. ఆయన ఏమీ అనకుండా ఊరుకుంటే అదీ రాయి. తూర్పు గోదావరిలో ఇళ్లు కట్టిన మనిషి, ఆరువందల ఏళ్ల నాటి ఇన్కా మేస్త్రి పనిని చూస్తుంటే ఆ గదిలో ఏం జరుగుతుందో ప్రపంచంలో నువ్వు తప్ప ఇంకెవరూ రాయలేరు. నువ్వు పెరూ వెళ్లావా లేదా అన్నది అక్కడ అడ్డు రాదు.

ఆ పేరాలోనే ఇంకో మాట ఉంది, అది తీసెయ్యి. "1911లో హైరమ్ బింగామ్ మచు పిచ్చును కనిపెట్టాడు" అన్నావు. బింగామ్ అనే ఆ అమెరికన్ వెళ్లేసరికి అక్కడ రైతు కుటుంబాలు కాపురముంటున్నాయి, ఆ పాత మెట్ల చేలలోనే పంట వేసుకుంటున్నాయి. ఆయన్ని చెయ్యి పట్టుకుని శిథిలాల్లోకి తీసుకెళ్లింది వాళ్లలో ఒక పిల్లవాడు, నీకంటే చిన్నవాడు. బింగామ్ చేసింది ప్రపంచానికి చాటడం. దేశం కాని దేశం గురించి రాసేటప్పుడు, ముందు నుంచీ అక్కడున్న మనుషుల్ని మనం తుడిచెయ్యకూడదు. వెనిస్ విషయంలోనూ ఇదే చెబుతాను. నీ వెనిస్‌లో గొండోలా పడవలు, సూర్యాస్తమయాలు తప్ప ఒక్క వెనిస్ మనిషీ లేడు. ఆ పాత నగరంలో ఇప్పుడు 50,000 మంది కూడా లేరు. ఇళ్లు టూరిస్టులకి అద్దెకిచ్చే గదులైపోయి ఊరివాళ్లు బయటికి వెళ్లిపోతున్నారు. 2024 నుంచి రద్దీ రోజుల్లో ఒక్క పూటకి వచ్చి పోయేవాళ్ల దగ్గర ప్రవేశ రుసుం తీసుకుంటున్నారు. అక్కడ అంబులెన్స్ పడవే, చెత్త ఎత్తుకెళ్లేదీ పడవే. మనం కలగనే ఊరు ఇంకొకరు పొద్దున్నే లేచి బడికీ పనికీ వెళ్లే ఊరు.

ఐస్‌లాండ్ పేరాలో పెద్ద తప్పే ఉంది. "ఎండాకాలం సెలవుల్లో వెళ్లి అరోరా వెలుగులు చూస్తాను" అన్నావు. అరోరా అంటే ధ్రువాల దగ్గరి ఆకాశంలో రాత్రిపూట కదిలే రంగుల వెలుగు. మే నెల సగం దాటాక ఆ దేశంలో రాత్రి సరిగ్గా చీకటే పడదు. ఆకాశంలో అరోరా ఉన్నా కంటికి ఆనదు. సెప్టెంబర్ నుంచి మార్చి దాకా అయితే చూడొచ్చు, అదీ మబ్బు లేకపోతే. డిసెంబర్ చివర్లో రేక్యావిక్‌లో సూర్యుడు పొద్దున పదకొండు దాటాక వచ్చి సాయంత్రం నాలుగు కాకుండానే వెళ్లిపోతాడు. పిల్లలు చీకట్లోనే బడికి వెళతారు. ఇంకో సంగతి, కెమెరాకి చిక్కే ఆ చిక్కటి ఆకుపచ్చ రంగు మనిషి కంటికి చాలాసార్లు అంతగా కనిపించదు, పల్చటి తెల్ల మబ్బులా కదులుతుంది. ఇది తెలిస్తే కల పాడవుతుందని అనుకోకు. ఎప్పుడు వెళ్లాలో, ఎంతసేపు ఎదురుచూడాలో, కనిపించకపోతే ఏమవుతుందో తెలిసిన కోరికకి పట్టు ఎక్కువ. చదివేవాళ్లకి కూడా నీతో పాటు ఆ చలిలో నిలబడాలనిపిస్తుంది.

చూడని చోటు గురించి చూసినట్టు రాయొద్దు. "మంచు గాలి నా చెంపల్ని తాకింది" అని ఒక చోట రాశావు. తాకలేదు కదా. "తాకితే ఎలా ఉంటుందో నాకు తెలియదు, మా ఊళ్లో జనవరి తెల్లవారుజామే నాకు తెలిసిన చలి" అని రాస్తే నిజం ఉంటుంది, నువ్వూ ఉంటావు. మన భాషలో ప్రయాణాల గురించి రాయడానికి బాట వేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి పదిహేను నెలలు తిరిగాడు. దిగిన ప్రతి ఊళ్లో నీళ్లెలా ఉన్నాయి, బజారులో ఏం దొరుకుతాయి, దారి ఇసకా రాయా అని రాసిపెట్టాడు. ఈనాటికీ ఆ దారి మన కళ్ల ముందు ఉందంటే ఆ వివరాల వల్లే. నువ్వు వెళ్లకుండానే ఆ పని కొంత చెయ్యగలవు. మ్యాప్ తీసి దారి వెతుకు. రైలు టైంటేబుల్ చూడు. ఇవాళ అక్కడ వాన పడుతోందా అని చూడు.

మచు పిచ్చుకే దారి వెతికితే ఎన్ని బయటపడతాయో. హైదరాబాద్ నుంచి పెరూ రాజధాని లిమాకి నేరుగా విమానం లేదు. లిమా చేరాక మళ్లీ కుస్కోకి విమానం. తర్వాత ఉరుబాంబా నది పక్కనే రైలు. ఆ పైన మెలికలు తిరిగే రోడ్డు మీద బస్సు. "కొండెక్కి మచు పిచ్చు చేరాలి" అన్నావు గానీ, కుస్కో 3,400 మీటర్ల ఎత్తులో ఉంది, మచు పిచ్చు 2,430. మొత్తం మీద దిగి వెళ్లాలి. అసలు కష్టం కుస్కోలోనే. గాలి పల్చన, తలనొప్పి, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. అక్కడివాళ్లు కోకా ఆకుల టీ ఇస్తారు. పెద్ద వయసు మనిషిని తీసుకెళ్లాలంటే ముందు డాక్టర్‌ని అడగాలి. తాతగారు ఆ ఎత్తుకి తట్టుకుంటారా అన్న టెన్షన్ నీకు నిజంగా ఉంటే, దాన్ని దాచకు. వ్యాసంలో పెట్టు.

డబ్బు సంగతీ అంతే. "ఇవన్నీ మాలాంటి వాళ్లకి కుదిరేవేనా అని మా అమ్మ నవ్వింది" అని ఉత్తరంలో రాశావు, వ్యాసంలో మాత్రం ఆ మాట లేదు. ఎందుకు వదిలేశావు? కుదురుతుందో లేదో నేను చెప్పలేను. కానీ కుదరదేమోనన్న భయంతో పాటే ఉండే కోరిక చాలా గట్టిది, దాన్ని గౌరవించు. లెక్క కూడా వేసి చూడు. నీ జాబితాలో పారిస్, వెనిస్, స్విట్జర్లాండ్, ఐస్‌లాండ్ నాలుగూ ఒకే షెంగెన్ వీసా కిందికి వస్తాయి. ఇలాంటివి తెలుసుకుని అమ్మ ముందు పెడితే ఆమె ఏమంటుందో, అది కూడా రాయడానికి పనికొస్తుంది.

నీ కవరు మీద తాళ్లరేవు అని చూశాను. పక్కనే కోరంగి. ఒకప్పుడు ఆ రేవులో ఓడలెక్కి మన తెలుగువాళ్లు చెరకు తోటల్లో పనికి మారిషస్ వెళ్లారు. పోర్ట్ లూయీలో ఆ కూలీలు దిగిన చోటు ఆప్రవాసీ ఘాట్ ఇప్పటికీ ఉంది, పదహారు రాతి మెట్లతో సహా. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది. మారిషస్‌లో ఈనాటికీ ఉగాదికి ప్రభుత్వ సెలవు. నీ పదిలో మారిషస్ లేదు. ఉండాలని నేను పట్టుబట్టను, నీ కల నీదే. కోరంగి దాకా సైకిల్ మీద వెళ్లి రాగలవు కాబట్టి చెబుతున్నాను.

తిరగ రాసేటప్పుడు పదిలో ఒకటే ఉంచు. ఏది ఉంచమంటానో నీకు తెలిసే ఉంటుంది, అయినా నిర్ణయం నీది. మిగతా తొమ్మిదీ నోట్‌బుక్‌లో పడి ఉండనీ, ఒక్కో దానికీ దాని వేళ వస్తుంది. నాలుగు పేజీలు దాటినా ఫర్వాలేదు. ముందు ఇంటర్ పరీక్షలు రాసెయ్యి, మే నెల చివరికి పంపితే చాలు. తాతగారి మాటలు ఎక్కడైనా అర్థం కాకపోతే ఆయన్నే మళ్లీ అడుగు, నన్ను అడగొద్దు.

ఆశీస్సులతో.