ఆ 4 శాతం దేని లెక్కో అడగండి

మీ నాన్నగారికి గుండె దగ్గర బృహద్ధమని (గుండె నుంచి ఒంటికంతా రక్తం తీసుకెళ్లే పెద్ద రక్తనాళం) 5.6 సెంటీమీటర్లకు ఉబ్బిందని, ఆపరేషన్‌లో రిస్క్ 4 శాతమని డాక్టర్ చెప్పారని, ఆ అంకెను ఎంతవరకు నమ్మాలని అడిగారు. గుండె ఆపరేషన్ల ఫలితాల మీద జరిగిన ఒక పరిశోధనలో నేను మూడేళ్లు పనిచేశాను. డిశ్చార్జ్ అయినవాళ్లకి ముప్పయ్యో రోజున ఫోన్ చేసి, ఎలా ఉన్నారో కనుక్కోవడం నా పని.

అంకె అబద్ధం కాదు. కాకపోతే దేన్ని లెక్కపెట్టారో తెలియాలి. గుండె ఆపరేషన్ రిస్క్‌ని అంచనా వేయడానికి డాక్టర్లు తరచూ వాడే యూరోస్కోర్ 2 అనే లెక్క ఒకటుంది, దాన్ని 2010లో 43 దేశాల్లో ఆపరేషన్ అయిన 22 వేల మందికి పైగా రోగుల వివరాలతో తయారుచేశారు. వయసు, కిడ్నీల పనితీరు, గుండె పంపింగ్, ఎమర్జెన్సీయా కాదా, ఛాతీలోని బృహద్ధమని మీద చేస్తున్నారా లాంటివన్నీ అందులో వేస్తారు. వచ్చే జవాబు మాత్రం ఒక్కటే: ఆపరేషన్ చేసిన ఆసుపత్రిలోనే చనిపోయే అవకాశం ఎంత. ఇంటికెళ్లాక సంగతి అందులో ఉండదు.

ఒకసారి ఒక పెద్దావిడ ఫోన్ ఎత్తారు. "బాగానే ఉన్నారమ్మా, తింటున్నారు. చొక్కా గుండీలే పెట్టుకోలేకపోతున్నారు, కుడిచెయ్యి స్వాధీనంలో లేదు" అన్నారు. మా ఫారంలో ఉన్నది "బతికున్నారు" అనే గడి. టిక్ పెట్టాను. గుండీల సంగతి పక్కన పెన్సిల్‌తో రాశాను. పెన్సిల్‌తో రాసింది కంప్యూటర్‌లోకి ఎక్కలేదు. అది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

ఫోన్ ఎత్తనివాళ్ల సంగతీ అంతే. వాళ్లంతా కులాసాగా ఉన్నారనుకుని వదిలేస్తే ఫలితాలు అసలుకంటే బాగా కనిపించవచ్చు.

అందుకని డాక్టర్‌ని నేరుగా అడగండి. మీరు ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారు? పక్షవాతం ఎంతమందికి వచ్చింది? డయాలసిస్ దాకా ఎంతమంది వెళ్లారు? ఏడాది తర్వాత ఎలా ఉన్నారు? మంచి సర్జన్ ఈ ప్రశ్నలకి నొచ్చుకోరు.

అయితే ఆ 4 చూసి భయపడి వాయిదా మాత్రం వేయకండి. మామూలుగా 5.5 దాటితే ఆపరేషన్ చేయించుకోమనే చెబుతారు. గుండెకు ఆనుకుని ఉన్న భాగంలో ధమని గోడ చీలితే, ఆపరేషన్ లేకుండా మొదటి రెండు రోజుల్లో గంటగంటకీ 1 నుంచి 2 శాతం మంది చనిపోతారని వైద్యులు ఎప్పటినుంచో చెబుతున్న లెక్క. పైగా అప్పుడు చేసే ఎమర్జెన్సీ ఆపరేషన్ రిస్క్ ఇప్పటికంటే చాలా ఎక్కువ.

ఆపరేషన్ అయ్యాక ఎవరైనా ఇలా ఫోన్ చేస్తే ఎత్తండి. చెయ్యి, మాట, నడక ఎలా ఉన్నాయో వాళ్లు అడక్కపోయినా చెప్పండి.